ఎడ్ల బేరగాడి డేటింగ్ మాటలు

రంగారెడ్డి జిల్లాలోని పళ్ళ డాక్టర్లందరినీ ఒక లారీలో ఎక్కించి తెచ్చి, వాళ్ళు ఇన్నేళ్ళూ చూసిన పళ్ళన్నీ ఒకచోట కుప్ప పోసినా సరే, మా తాత మల్లేశయ్య ఒక్కడు చూసిన పళ్ళలో సగానికి రావు. ఎంత పందెమైనా కాస్తాను. కాకపోతే తాత చూసినవాటిలో ముప్పాతిక వంతు ఎడ్ల పళ్ళు, వయసు తేల్చడానికి చూసినవి. మిగిలిన పాతిక వంతు మనుషులవి. వాళ్ళంతట వాళ్ళు చూపించినవి కావు, ఈయన చూపించమన్నవి.

అదొక్కటే మా తాత జబ్బు. నలభై ఏళ్ళు ఎడ్ల అంగడిలో బేరాలు చేసిన మనిషి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ ఎద్దు పగ్గం ఏ చేతికి మారినా మధ్యలో ఈయన చెయ్యి ఉండేది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి, వెంచర్లు వచ్చి అంగడి పోయింది, మా తాత కళ్ళలోంచి మాత్రం ఎద్దు పోలేదు. ఎదుటివాడు కలెక్టరైనా కరెంటు బిల్లు కొట్టేవాడైనా ముందు పళ్ళు, తర్వాత నడక, ఆ తర్వాతే పేరు.

ఒకసారి జ్వరమొచ్చి దవాఖానకు పోతే కుర్ర డాక్టర్ "నోరు తెరువు పెద్దాయనా" అన్నాడు.

"ముందు నువ్వు తెరువు."

"నేనెందుకు?"

"నా పానం నీ చేతుల పెడ్తున్న. నువ్వు ఎన్ని పండ్ల మీదున్నవో నాకు తెల్వద్దా?"

ఆ డాక్టర్ ఏ లోకంలో ఉన్నాడో గానీ నిజంగానే తెరిచాడు. తాత లోపలికి తొంగి చూసి, నా వైపు తిరిగి, "జ్ఞానదంతం ఇంక రాలె బిడ్డ. పెద్ద డాక్టర్‌ను పిలువు" అన్నాడు.

మా అమ్మ రేణుకమ్మను బాపుకు చూడటానికి పోయినప్పుడూ అంతే. పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. "ఒకపారి నవ్వు బిడ్డ" అన్నాడట. అమ్మకు కోపమొచ్చి పళ్ళు కొరికింది. "మస్తుగున్నయ్. ఖాయం" అని లేచి నిలబడ్డాడట. పాతికేళ్ళయినా అమ్మ దాన్ని మరిచిపోలేదు. కూరలో ఉప్పు తక్కువైందని తాత అంటే చాలు, "ఎద్దు వండితే గట్లనే ఉంటది మామా" అంటుంది.

చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని అంగడికి తీసుకుపోయేవాడు. గజ్జెల చప్పుడు, దుమ్ము, కొత్త పగ్గాల వాసన, మిర్చీ బజ్జీల పొగ. అక్కడ ఎడ్ల ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలుపుకొని, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలియదు. తాత నా వేళ్ళు కూడా తువ్వాల కింద పట్టుకొని, "చెప్పు, ఇదెంత?" అనేవాడు. నేను ఏం చెప్పినా "అవ్, గంతే" అని బజ్జీ కొనిపెట్టేవాడు. ఇంటర్ రెండుసార్లు తప్పాను గానీ ఆ లెక్కల్లో మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ఆ చోట రంగు వేసిన హద్దు రాళ్ళున్నాయి. అటు పోయినప్పుడల్లా తాత ఆగి, ఒక్కో ప్లాటు చూపించి, "గీడ కందుకూరు జత నిలబడేటిది. గాడ మీ అవ్వ నాకు సద్ది తెచ్చేది" అంటాడు.

ఆ అవ్వ, ఎంకమ్మ, పోయి ఆరేళ్ళయ్యాక ఒక ఆదివారం మా బాపు తాత ముందు కూర్చొని గొంతు సవరించుకున్నాడు.

"నాయినా, ఈ వయసుల నీకు తోడుండాలె. జల్‌పల్లి కాడ ఒకామె ఉన్నదట. భర్త పోయిండు. మంచిదంటున్నరు."

"తోడు కావాలె. నిజమే."

"అయితే మాట్లాడుదమా?"

"ఆడమనిషి వద్దు."

"మరి?"

"మరేముంది? మగమనిషి."

బాపు చేతిలోని సర్వపిండి ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఎప్పటి సంది?" అన్నాడు.

"పాలపండ్ల సంది."

"మరి అమ్మ?"

తాత గొంతు అప్పుడు తగ్గింది. "మీ అమ్మకు ఏ లోటు రానియ్యలె. లోటు నాకు నేనే చేసుకున్న. ఆమె పోయినాంక ఇగ ఎవరి కోసం దాచుడని చెప్తున్న."

"ఊరోళ్ళు పేర్లు పెడ్తరు నాయినా."

"నలభై ఏండ్లు వాళ్ళ ఎడ్లకు నేను పెట్టిన. ఇప్పుడు నాకు వాళ్ళను పెట్టనియ్."

బాపు పదకొండు రోజులు తాతతో మాట్లాడలేదు. పన్నెండో రోజు అందరం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు అమ్మ గరిటె పట్టుకొని, "మామా, వచ్చేటాయన కోడికూర తింటడా?" అంది.

"ఇంక ఎవ్వరు రాలె గద రేణుకా."

"వస్తే ఒక రోజు ముందు చెప్పు. పావు కిలో ఎక్కువ తెప్పిస్త."

బాపుకు నవ్వు ఆగక నీళ్ళు ముక్కులోకి పోయాయి. మా ఇంట్లో ఆ పంచాయితీ అక్కడితో ముగిసింది.

నేను ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా మొబైల్ దుకాణంలో పని చేస్తాను. కాబట్టి మగవాళ్ళు మగవాళ్ళను వెతుక్కునే యాప్ తాత ఫోన్లో ఎక్కించే పని నాకే పడింది. "మీ గురించి రాయండి" అన్న చోట ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను:

"మల్లేశయ్య, అరవై నాలుగు. పండ్లు సొంతవి పద్నాలుగు, మిగతావి కట్టించినవి. నడక బాగుంటది. ఎండకు ఆగుతడు. పొడిచే అలవాటు లేదు. చూసేటోళ్ళు పగటి పూట వచ్చి చూసుకోవాలె. చీకట్ల చూపెట్టబడదు."

"తాతా, ఇది డేటింగ్. అంగడి కాదు."

"రెండింట్ల ఫరకేంది?"

అలాగే సేవ్ కొట్టాను.

మొదటి చిక్కు ఫొటోల దగ్గర వచ్చింది. సగం మందికి ముఖాలే లేవు. గులాబీ పువ్వు ఒకడిది, బుల్లెట్ బండి ఒకడిది, ఒట్టి ఛాతీ ఒకడిది. "వీళ్ళ తలకాయలు ఏడ పాయె?" అన్నాడు తాత.

"డిస్క్రీట్ అంట తాతా. అంటే ఇంట్ల, బయట ఎవ్వలకు చెప్పనోళ్ళు."

"తువ్వాల కింది మనుషులు."

"పిరికోళ్ళు అను."

నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "అరవై ఏండ్లు నేను గా తువ్వాల కిందనే ఉన్న పోరి. లోపట ఉక్కపోతది. గని బయట గాలి ఉంటదని చెప్పేటోడు ఉండడు."

అలా మొదలైంది. కుర్రవాళ్ళు ఏ ఇంగ్లీషు మాట రాసినా నేను అర్థం చెప్పేదాన్ని, తాత దానికి అంగడి పేరు పెట్టేవాడు. బాగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి మాయమైపోతే ఘోస్టింగ్ అంటారని చెబితే, "పగ్గం తెంపుకపోయిండు" అన్నాడు. పాత ఫొటో పెట్టి మోసం చేసేవాళ్ళను క్యాట్‌ఫిష్ అంటారంటే, "ముసలి ఎద్దు కొమ్ములు చెక్కి రంగేసిండు. గది మనకు కొత్తనా?" అన్నాడు. అవుననకుండా కాదనకుండా ఏళ్ళ తరబడి నానబెట్టేవాడు "అమ్మడు గని ప్రతి వారం అంగడికి తోలుకొస్తడు." రెడ్ ఫ్లాగ్ అంటే "ఎనక కాలు లేపుతుండు, దూరముండు." ఇక సిట్యుయేషన్‌షిప్ అనే మాట నాకే సరిగా తెలియదు. ఇద్దరూ కలిసే తిరుగుతారు, కానీ మేం ఫలానా అని చెప్పుకోరు అని ఏదో చెప్పాను. తాత గడ్డం గోక్కొని, "కాడి కట్టకుండ కలిసి మేసుడు" అన్నాడు.

ఈ మాటలు నా నోటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి కాలేజీలకు పాకాయి. మొన్న ఒక ఇంజనీరింగ్ పిల్ల స్క్రీన్ గార్డు వేయించుకుంటూ, "అక్కా, వాడు పగ్గం తెంపుకపోయిండు" అని కళ్ళు తుడుచుకుంది. మా తాత డిక్షనరీ అచ్చు కాకుండానే అన్ని కాలేజీల్లో నడుస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు "హాయ్ డాడీ" అని పెట్టాడు ఒకసారి. తాత అద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాడు. "వీడెవడు? నాకున్నది మీ బాపు ఒక్కడే. ఇప్పుడు ఇంకో వారసుడు లేస్తే ఇంటి జాగ కాడ లొల్లి అయితది. వద్దని చెప్పు."

"వద్దు అని రాయాల్నా, ఊకె బ్లాక్ చెయ్యాల్నా?"

"చెప్పకుండ పోవుడు మన దిక్కు లేదు. రాయి. 'బిడ్డా, నువ్వు రెండు పండ్ల కోడెవు, నీ ఈడు జత చూసుకో, మంచిగుండు.'"

అదే రాశాను. ఆ కుర్రవాడు ఇప్పటికీ పండగలకు మెసేజ్ పెడతాడు.

యాప్‌లో దొరికినవాళ్ళలో ముఖాముఖి మొదట కలిసింది జల్‌పల్లి అజీముద్దీన్ తాతను. అరవై ఎనిమిదేళ్ళు, షేర్వాణీలు కుట్టే మనిషి. బస్టాండు పక్క చాయ్ హోటల్లో కూర్చున్నారు. సలాం అయింది, నమస్తే అయింది. మా తాత ఉండబట్టలేక, "ఏమనుకోవద్దు భాయ్, జర పండ్లు..." అన్నాడు. అజీముద్దీన్ తాత మాట్లాడకుండా నోట్లో చెయ్యి పెట్టి, మొత్తం పళ్ళ సెట్టు తీసి, సాసర్‌లో పెట్టి, మా తాత వైపు జరిపాడు.

"తీస్కో మియా, ఫుర్సత్‌గ చూస్కో. నేను అందాక చాయ్ తాగుత."

ఇద్దరూ నవ్విన నవ్వుకు హోటలాయన బయటికొచ్చి చూశాడు. వాళ్ళ మధ్య ప్రేమ కుదరలేదు, "ఇద్దరం కాడికి ఎడమ దిక్కు కట్టే ఎడ్లమే, జత కుదరది" అన్నాడు తాత. కానీ ఆ రోజు నుంచి ఫోన్ చేసుకోని రోజు లేదు. తాత పూసుకునే అత్తరు ఆయనే పంపిస్తాడు.

ఆ తర్వాత శ్రీపాల్ సార్ వచ్చాడు. అంటే, రాలేదు. అదే కథ.

ఆయనా యాప్‌లోనే దొరికాడు, మంచాల అనే ఊరి మనిషి. బడిలో రికార్డులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అరవై ఒకటి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "అమ్మను ఎవరు చూస్తరు?" అంటూ నెట్టుకొచ్చాడు. అమ్మ పోయింది. అమ్మతో పాటు ఆ జవాబూ పోయింది. ప్రపంచంలో మా తాతకు తప్ప ఎవరికీ తనకు మగవాళ్ళే ఇష్టమన్న సంగతి చెప్పలేదు. ఫోన్ ఎత్తగానే ప్రతిసారీ, "నేను ఇప్పుడు మాట్లాడచ్చునా?" అని అడిగేవాడు. వానల గురించి, మోకాళ్ళ గురించి, వాళ్ళ వాకిట్లోని నిమ్మచెట్టు గురించి మూడు నెలలు మాట్లాడుకున్నారు. ఆ మూడు నెలల్లో మా తాత ఒక్కసారి కూడా పళ్ళ సంగతి ఎత్తలేదు. ఇది మామూలు బేరం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

బుధవారం పదకొండు గంటలకు అదే చాయ్ హోటల్లో కలుద్దామనుకున్నారు. తాత తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. అత్తరు పూసుకున్నాడు. ఒంటిగంటకు తిరిగొచ్చి చొక్కా విప్పి తాడు మీద ఆరేశాడు. శ్రీపాల్ సార్ రాలేదు. రెండో బుధవారమూ రాలేదు. మూడో బుధవారమూ అంతే.

"తాతా, ఇది ఘోస్టింగ్. నీ మాటలల్లనే చెప్తున్న, పగ్గం తెంపుకపోయిండు. బ్లాక్ చెయ్."

"తెంపుకపోలె."

"మరి మూడు వారాలాయె గద?"

"నీ ఫోన్ల ఉన్న మాటలల్ల ఇది లేదు. నువ్వు పో."

పోయినట్టే పోయి, నాలుగో బుధవారం దుకాణంలోంచి కాపు కాశాను. మంచాల బస్సు వచ్చింది. లేత నీలం చొక్కా, గుడ్డ సంచి, గొడుగు పట్టుకున్న ఒక మనిషి దిగాడు. చాయ్ హోటల్ మెట్టు దాకా వచ్చి ఆగాడు. బయట గోడకు వేలాడే టిఫిన్ల బోర్డు పరీక్ష పేపర్ చదివినట్టు పైనుంచి కింది దాకా చదివాడు. వెనక్కి తిరిగి బస్సుల వైపు నడిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఈయనను పోయిన వారమూ చూశాను, అంతకుముందు వారమూ చూశాను. ఇడ్లీ తిందామా వద్దా అని తేల్చుకోలేని మనిషి అనుకున్నాను.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? రోడ్డు దాటి ఉరికి, ఆయన భుజం మీద చెయ్యేసి, రీఛార్జ్ గిరాకీని పిలిచే గొంతుతో, "శ్రీపాల్ సారే గద! మా తాత లోపల్నే కూసున్నడు, మీ కోసమే! రాండ్రి రాండ్రి!" అని అరిచాను.

బస్టాండు మొత్తం తిరిగి చూసింది. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. కదులుతున్న బస్సు పట్టుకొని ఎక్కేశాడు. గొడుగు నా కాళ్ళ దగ్గర పడిపోయింది. పైగా ఆయన ఎక్కింది మంచాల బస్సు కాదు, హైదరాబాద్ బస్సు.

గొడుగు పట్టుకొని హోటల్లోకి పోయాను. తాత తలుపుకు వీపు పెట్టి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ముందు రెండు చాయ్‌లు, ఒకటి చల్లారిపోయింది. చేసిన ఘనకార్యం చెప్పాను. తిడతాడని చూశాను.

"ఏ బస్సెక్కిండు?"

"హైదరాబాద్‌ది."

"అయ్యో. మోకాళ్ళ నొప్పి మనిషి. సీటు దొరికెనో లేదో."

"ఆయన వచ్చిపోతుండని నీకు ముందే తెలుసా?"

"మొదటి వారమే తెలుసు. తలుపు దిక్కు చూసుకుంట కూసున్న. చూపు చూపు తాకంగనే ఎనుకకు మళ్ళిండు. గందుకే కుర్చీ తిప్పుకున్న."

"పిలువచ్చు గద తాతా!"

చల్లారిన చాయ్ నా వైపు జరిపాడు. "ఎద్దును కొత్త ఇంటికి తోలుకపోతే కొట్టం గుమ్మం కాడ ఆగుతది బిడ్డా. మంది ముంగట నిలబడి గుంజుతరు, ఎనుక నుంచి కొడ్తరు. నేను ఏనాడు గట్ల చెయ్యలె. వీపు పెట్టి నిలబడేటోన్ని. నా కండ్లు దాని మీద లేవని తెలిస్తే, అదే లోపటికి వస్తది. ఒకటి గంటకు వస్తది, ఒకటి పొద్దు గుంకినాంక వస్తది. రానియ్యాలె."

నలభై ఏళ్ళు పళ్ళు లెక్కపెట్టిన మనిషి అన్నీ చూసినవాడే. ఎప్పుడు చూడకూడదో కూడా ఆయనకు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

శ్రీపాల్ సార్ ఫోన్లు చేయడం బంద్ అయింది. మా ఇంట్లో తాత పొద్దున్నే పాడుకునే పాటలు కూడా బంద్ అయ్యాయి. అమ్మ ప్రతి బుధవారం పావు కిలో చికెన్ ఎక్కువ తెప్పించడం మానలేదు గానీ అది నేనే తిన్నాను, సిగ్గుపడుతూ. పది రోజుల తర్వాత తాత నన్ను పిలిచి, "వాయిస్ మెసేజ్ బటన్ ఒత్తి బయటికి పో" అన్నాడు. ఒత్తి, తలుపు వెనక నిలబడి విన్నాను.

"శ్రీపాల్, మా పోరి తప్పు చేసింది, నోరు పెద్దది, మనసు మంచిది. నీ గొడుగు నా కాడ ఉన్నది. నువ్వు రావాలని లేదు. నేను బుధవారం చాయ్ తాగుత, ఎట్లనన్న తాగుత. తలుపు దిక్కు చూడ. నిన్ను చూసినట్టు ఎవ్వలకు చెప్ప. వస్తే వచ్చినవ్, మళ్ళిపోతే మళ్ళిపోయినవ్. ఫికర్ చెయ్యకు."

రెండు బుధవారాలు ఒట్టివే పోయాయి. మూడో వారం ముసురు పట్టింది. మంచాల బస్సు ఆగింది. లేత నీలం చొక్కా దిగింది, గొడుగు లేక తడుస్తూ. నేను దుకాణం కౌంటర్ రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాను, కాళ్ళు ఉరకకుండా. మెట్టు దగ్గర ఆగాడు. బోర్డు చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. లోపలికి పోయాడు.

నేను హోటల్ కిటికీ దగ్గరికి మెల్లగా చేరాను. ఆయన తాత ఎదురుగా కూర్చోలేదు. తాత వెనక బల్ల దగ్గర, తాత వీపుకు తన వీపు పెట్టి కూర్చున్నాడు. ఇద్దరూ చెరో గోడను చూస్తున్నారు. హోటలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెరో చాయ్ పెట్టి పోయాడు.

"మంచాల దిక్కు వానలెట్లున్నయ్?" అని తాత తన గోడను అడిగాడు.

"ఉన్నయ్... జర తక్కువనే" అంది అవతలి గోడ.

"మోకాళ్ళు?"

"ఎడమది సతాయిస్తుంది."

"ఆనాడు సీటు దొరికిందా మరి?"

"లేదు. ఎల్బీనగర్ దాకా నిలబడే పోయిన" అన్నాడు శ్రీపాల్ సార్. అని, నవ్వాడు. తాతా నవ్వాడు. ఇద్దరి భుజాలూ ఊగి ఊగి వీపులు తగిలాయి. తగిలాక ఎవరూ జరగలేదు.

నాలుగు బుధవారాలు అలా వీపులతోనే ముచ్చట్లు పెట్టుకున్నారు. ఐదో బుధవారం శ్రీపాల్ సార్ తన కుర్చీ తనే ఎత్తుకొని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తాత ఎదురుగా వేసుకున్నాడు. ఇదంతా పోయిన ఏడాది మాట. అప్పటి నుంచి ఆ కుర్చీ అక్కడే ఉంది.

మొన్న బుధవారం నేను దీన్నంతా రాసి, హోటల్‌కు తెచ్చి, తాత ఎదురుగా కూర్చొని చదివి వినిపించాను. తాత చాయ్ చల్లారబెట్టుకుంటూ మొత్తం విన్నాడు.

"అన్నిటికీ పేర్లు పెట్టినవ్ గద తాతా," అన్నాను, "మరి మీ ఇద్దరి ముచ్చటకు ఏం పేరు రాయాలె? డేటింగా, రిలేషన్‌షిప్పా, ఇంకేమన్ననా? ఆఖరి లైన్ ఖాళీ పెట్టిన."

బయట మంచాల బస్సు హారన్ కొట్టింది. తాత తలుపు వైపు చూశాడు.

"ఖాళీనే ఉండనియ్. లెవ్వు, గా కుర్చీ ఆయనది."